షెడ్డులో మామగారి ఫియట్: బాగు చేయించాలా, వదిలించుకోవాలా?

ప్రశ్న: నా వయసు 49. తెనాలి దగ్గర ఒక ఊరు మాది. మా వారు బ్యాంకులో పని చేస్తారు, ఇంకో నాలుగేళ్లలో రిటైరవుతారు. మా మామగారు పశువుల డాక్టరు. 1984 మోడల్ ప్రీమియర్ పద్మిని, అదే మనం ఫియట్ అనే కారు, సెకండ్ హ్యాండ్‌లో కొని, ఇరవై ఏళ్లు అందులోనే ఊళ్లు తిరిగారు. ఆయన పోయి పన్నెండేళ్లయింది. అంతకు రెండేళ్ల ముందే కారు షెడ్డులో ఆగిపోయింది. "ఈ ఉగాదికి పని మొదలుపెడతాను" అని మా వారు ఏటా అంటారు. ఇంజిన్‌కు పెట్రోలు అందించే కార్బురేటర్ కిట్టు, హెడ్‌లైట్ రింగులు, ఒక బంపరు కొనితెచ్చి బీరువాలో, మంచం కింద దాచారు. కారును మాత్రం ముట్టుకోలేదు. నేను నాలుగేళ్లుగా పచ్చళ్లు పెట్టి అమ్ముతున్నాను. వంటింట్లో చోటు చాలడం లేదు, ఆ షెడ్డు ఇవ్వమంటే మాట దాటేస్తారు. పోయిన నెల ఆయన బ్యాంకుకు వెళ్లాక పాత ఇనుము కొనే అతన్ని పిలిచి బేరం అడిగాను. ఏదో మర్చిపోయి వెనక్కి వచ్చిన మా వారు అది చూశారు. ఒక్క మాట కూడా అనలేదు. ఆ రోజు నుంచి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. మా అత్తగారికి 78 ఏళ్లు. "చివరి సంక్రాంతికి మీ మామగారు బండి ఒక్కసారి స్టార్ట్ చేసి పెట్టరా అన్నారు, వీడు ఉగాదికి వచ్చి చేస్తానన్నాడు, ఈలోపే ఆయన పోయారు" అని కళ్లు తుడుచుకుంటారు. మా అబ్బాయేమో వింటేజ్ కారు, లక్షలు పలుకుతుంది అంటాడు. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు. నేను చేసింది అంత తప్పా?
— ఒక సోదరి

జవాబు: అమ్మా, మీరు అడిగినదానికి ముందు సూటిగా చెబుతాను. షెడ్డు అడగడం తప్పు కాదు. నాలుగేళ్లుగా ఇరుకు వంటింట్లో జాడీల మధ్య నిలబడి పని చేస్తున్న మనిషి చోటు అడగకుండా ఎలా ఉంటుంది? కానీ ఆయన లేని వేళ చూసి ఇనుము కొనే అతన్ని పిలవడం మాత్రం తప్పే. మీరు విసిగిపోయి చేశారని నాకు అర్థమైంది. ఆయన కళ్లకు మాత్రం తండ్రి కారును కిలోల లెక్కన తూకం వేస్తున్న దృశ్యం కనబడింది. ఆయన అరిచి ఉంటే మీకే తేలికగా ఉండేది. మాట రాలేదంటే అది కోపం కంటే లోతైన చోట తగిలింది.

మీ ఉత్తరంలో అత్తగారి మాటగా ఒక సంగతి రాసి ముందుకు వెళ్లిపోయారు. నేను అక్కడే ఆగిపోయాను. తండ్రి సంక్రాంతికి అడిగారు, కొడుకు ఉగాదికి చేస్తానన్నారు, ఉగాది వచ్చేసరికి తండ్రి లేరు. ఇప్పుడు చూడండి, పన్నెండేళ్లుగా ఆయన పెట్టుకుంటున్న గడువు ఎప్పుడూ ఉగాదే. దసరా అనరు, వేసవి సెలవులు అనరు. ఆయన మీతో చెబుతున్నది కారు పని గురించి అని మీరు అనుకుంటున్నారు. తండ్రికి ఇచ్చిన మాటను ఆయన ఏటా మళ్లీ అదే రోజుకు ఇస్తున్నారని నాకు అనిపిస్తోంది. ఆయన బద్ధకస్తుడైతే ఆ సామాన్లు కొనరు. కొని తెచ్చి దాచుకుని, బానెట్ ఎత్తకపోవడం భయం. తెరిచి చూస్తే "ఇది ఇక పనికిరాదు" అనే మాట ఎవరో ఒకరు అంటారేమోనని భయం. ఇది నా ఊహే, ఆయన్ని నేను చూడలేదు. మీరు మెల్లగా అడిగి తెలుసుకోవాలి.

ఈ మాట ఆయన తరఫున వకాల్తా పుచ్చుకుని చెప్పడం లేదు. దుఃఖం ఆయనది, దాని అద్దె మాత్రం పన్నెండేళ్లుగా ఇంటిల్లిపాదీ కడుతున్నారు. మీ పచ్చళ్ల పని కూడా ఆ షెడ్డు బయటే వాయిదా పడి ఉంది. అందుకే "పోనీలే, ఆయన బాధ ఆయనది" అని మీరు మళ్లీ సర్దుకుపోండని నేను అనను. సర్దుకుపోయే కదా ఇక్కడిదాకా వచ్చింది.

మొదట క్షమాపణ. "నేను చేసింది తప్పు, మీకు చెప్పకుండా పిలవకూడదు" అని అక్కడితో ఆపండి. "కానీ మీరు కూడా" అనే ముక్క ఆ రోజు వద్దు. షెడ్డు మాట రెండు మూడు రోజులు ఆగి విడిగా ఎత్తండి. రెండూ ఒకేసారి చెబితే క్షమాపణ కూడా బేరంలా వినబడుతుంది.

కాగితాల విషయం మీ ఇంట్లో ఎవరికీ తట్టినట్టు లేదు. ఆర్సీ, అంటే బండి రిజిస్ట్రేషన్ కాగితం, మామగారి పేరు మీదే ఉండి, ఆయన వీలునామా రాయకపోతే, ఆ కారు మీ ఒక్క ఇంటిది కాదు. అత్తగారికి, మీ వారికి, ఆయన అక్కచెల్లెళ్లు ఉంటే వాళ్లకు కూడా సమాన హక్కు ఉంటుంది. పాత ఇనుము కింద అమ్మేసి ఉంటే రేపు ఆడపడుచు "మా నాన్న బండి నాకు చెప్పకుండా ఎలా అమ్మారు" అని అడిగేది. ఆ మాటకు మీ దగ్గర జవాబు ఉండేది కాదు. పైగా ఆర్సీ రద్దు చేయించకుండా బండిని ఎవరికో ఇచ్చేస్తే ఆ నంబరు మామగారి పేరు మీదే తిరుగుతూ ఉంటుంది. చివరికి తుక్కు చేయాల్సి వచ్చినా ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికే ఇచ్చి, వాళ్లిచ్చే సర్టిఫికెట్‌తో ఆర్సీ రద్దు చేయించుకోవాలి. బాగు చేసి ఉంచుకోవాలంటే ముందు వారసుల పేరు మీదకు మార్చుకోవాలి. దానికి ఫారం 31 ఉంది. డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల అంగీకారం సిద్ధం చేసుకోండి. సొంత కార్లకు పదిహేనేళ్ల తర్వాత ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి కాబట్టి మీ బండిది ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. 2025 ఆగస్టు నుంచి ఇరవై ఏళ్లు దాటిన కారుకు ఈ ఫీజే 10,000 రూపాయలు. ఆలస్యానికి జరిమానా, గ్రీన్ ట్యాక్స్ దానికి అదనం. కారు మీద రూపాయి పెట్టకముందే మీ వారు ఆర్టీవో ఆఫీసుకు వెళ్లి మొత్తం ఎంతవుతుందో రాయించుకుని రావాలి. అప్పగించడానికి ఇది మంచి మొదటి పని కూడా. చేతికి గ్రీజు అంటదు, గుండె దిటవు చేసుకోవాల్సిన పని లేదు, కానీ బండి కథ కదులుతుంది.

మీ అబ్బాయికి కూడా ఒక మాట. మన దేశంలో 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ అని రిజిస్టర్ కావాలంటే బండికి యాభై ఏళ్లు నిండాలి. మీ కారు 1984ది అంటే 2034 దాకా ఆ మాటే లేదు. అలా రిజిస్టర్ అయినా ప్రదర్శనలకు, ర్యాలీలకు, రిపేరుకు, పెట్రోలుకు తప్ప రోజువారీ తిప్పకూడదు. లక్షలు వస్తాయన్న ఆశతో ఈ పని మొదలుపెడితే మనసు విరుగుతుంది. బాగు చేయడానికి పెట్టిన డబ్బు అమ్మితే తిరిగి వస్తుందని లెక్క వేసుకోవద్దు. తాతగారి బండి కాబట్టి చేద్దాం అనిపిస్తేనే చేయండి.

ఇక కారు సంగతి. మన ఊళ్లలో ఈ బండిని ఎవరూ పద్మిని అనలేదు, అందరికీ ఫియట్ కారే. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు ఇటలీ ఫియట్ 1100 నమూనా మీద తయారు చేసేవారు, 1974 నుంచి దానికి పద్మిని అని పేరు. 1089 సీసీ ఇంజిన్, నాలుగు సిలిండర్లు, స్టీరింగ్ పక్కనే గేరు రాడ్డు. కంప్యూటర్ పెట్టి చూడాల్సింది అందులో ఏమీ లేదు. చేతితో, చెవితో పని తెలిసిన మెకానిక్ కావాలి. అలాంటి మెకానిక్‌లకు వయసు మీద పడింది, అందుకే ఇంకో పన్నెండేళ్లు ఆగకండి. బొంబాయిలో టాక్సీలుగా వేలకొద్దీ తిరిగినన్నాళ్లూ వీటి సామాన్లకు కొరత లేదు. ఆ చివరి టాక్సీ కూడా 2023 అక్టోబరులో రోడ్డు దిగిపోయింది. మీకు బెజవాడ ఆటోనగర్ దగ్గరే. అక్కడ దొరకనివాటికి సికింద్రాబాద్ రాణిగంజ్‌లో, మద్రాసు పుదుపేటలో అడగొచ్చు.

మీ వారు కార్బురేటర్ కిట్టు కొన్నారంటే ఆయన ఆలోచన ఇంజిన్ మీద ఉంది. ముందు చూడాల్సింది బండి అడుగు భాగం. ఈ కారుకు లారీకి, జీపుకు ఉన్నట్టు విడిగా ఛాసిస్, అంటే అడుగు చట్రం, ఉండదు, బాడీయే బరువంతా మోస్తుంది. మ్యాట్ల కింద చెమ్మ చేరి ఫ్లోరు, తలుపుల కింది అంచులు తుప్పు పట్టి తినేస్తే పెద్ద ఖర్చు అక్కడే. ఇంజిన్ ఎంత పాడైనా సిలిండర్లు బోర్ చేయించి, పిస్టన్ రింగులు మార్చి నిలబెట్టవచ్చు. అడుగు రేకు కుళ్లిపోతే టింకరింగ్, అంటే రేకు పని, చేసే అతను నెలలు కూర్చోవాలి. కాబట్టి జాకీలు పెట్టి ఎత్తి, స్క్రూడ్రైవర్‌తో అడుగంతా పొడిచి చూడమనండి. ఎక్కడ దిగుతుందో, ఎక్కడ దిగదో చాక్‌పీస్‌తో గుర్తు పెట్టుకుంటే నిజం గంటలో తేలిపోతుంది. పై రంగు మెరుపు చూసి ఎవరూ మోసపోవద్దు, ఆ కింద లప్పం ఎంత ఉందో తెలియదు.

ఇంకో జాగ్రత్త. ఉత్సాహం వచ్చి కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టవద్దని ఆయనకు చెప్పండి. ఇన్నేళ్లు ఆగిన ఇంజిన్‌లో రింగులు పట్టేసి ఉండొచ్చు. ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్‌లో కాస్త ఆయిల్ వేసి, రెండు రోజులు నానబెట్టి, చేత్తో మెల్లగా తిప్పి చూడాలి. ట్యాంకులో పాత పెట్రోలు జిగురులా మారి ఉంటుంది. ట్యాంకు దించి కడగకుండా కొత్తది పోస్తే తుప్పంతా కార్బురేటర్‌లోకి వెళ్తుంది. ఎలుకలు కొరికిన వైర్లు ఉంటే బ్యాటరీ కలిపిన క్షణంలో మంట రావచ్చు, పక్కనే మీ నూనె డబ్బాలున్న ఇల్లు అది. ఇంజిన్ పలికినా సరే, బ్రేకుల్లో రబ్బర్లు, సిలిండర్లు మార్చకుండా గేటు దాటించవద్దు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ కలిపిన పెట్రోలు, పాత రబ్బరు పైపులు దానికి తట్టుకోవు. అవీ మార్పించాలి.

అడుగు చూసిన రోజు మెకానిక్ చెప్పిందాన్ని బట్టి మీ ముందు దారులు కనిపిస్తాయి. అడుగు గట్టిగా ఉంటే, మెరిసే రంగు, క్రోమ్ పూత అన్నీ పక్కన పెట్టి, ముందు బండి స్టార్టయి, బ్రేకు పడి, ఊరి చివరి దాకా వెళ్లి వచ్చేలా చేయించండి. నా ఓటు దీనికే. మామగారు అడిగిందీ అంతే కదా, స్టార్ట్ చేసి పెట్టమన్నారు. కొత్త కారులా తయారు చేయమని ఆయన అడగలేదు. మీ వారు మనసులో ఆ కోరికను పెంచి పెంచి మోయలేనంత చేసుకున్నారేమో. మెకానిక్ చెప్పిన ఖర్చుకు ఇంకో సగం కలిపి, అది మీ రిటైర్మెంట్ డబ్బును ముట్టకుండా వస్తుందో లేదో ఇద్దరూ కూర్చుని చూసుకోండి. అప్పు చేసి మాత్రం వద్దు. అడుగంతా పోయిందని తేలితే, పాత ఫియట్లు ఇష్టపడి బాగు చేసుకునేవాళ్లు ఉంటారు, వాళ్లకు కాగితాలతో సహా అప్పగించడం గౌరవంగా ఉంటుంది. స్టీరింగో, నంబరు ప్లేటో ఇంట్లో ఉంచుకోవాలనిపిస్తే ముందే ఆర్టీవో ఆఫీసులో అడిగి ఉంచుకోండి.

ఏ దారైనా షెడ్డు మీది కావాలి. బండి మెకానిక్ దగ్గరికి పోయిన రోజు నుంచి ఆ షెడ్డు పచ్చళ్లదేనని ముందే అనుకోండి. బాగయి తిరిగి వచ్చాక కారుకు గేటు పక్కన రేకుల నీడ వేస్తే సరిపోతుంది. ఈ ఒప్పందం అత్తగారి ముందు జరగాలి. ఆవిడ కళ్లు తుడుచుకున్న ప్రతిసారీ కొడుకు తన తప్పును మళ్లీ వింటున్నాడని ఆ పెద్దావిడకు తెలియదు. ఒక మధ్యాహ్నం పక్కన కూర్చుని, మామగారు ఆ కారులో ఏయే ఊళ్లు తిరిగేవారో, రాత్రిపూట గేదె ఈనలేకపోతే ఎవరొచ్చి లేపేవారో అడగండి. మీ వారు వినేలా అడగండి. చివరి సంక్రాంతి తప్ప ఆ ఇంట్లో ఇంకే జ్ఞాపకమూ వినబడక చాలా కాలమై ఉంటుంది.

పన్నెండేళ్లుగా మాట్లాడలేనిది ఒక నెలలో తేలిపోతుందని నేను చెప్పను. ఆయన ఇంకా ముడుచుకుపోతే, నిద్ర, తిండి తగ్గితే, తండ్రి ప్రస్తావన వస్తే లేచి వెళ్లిపోతుంటే, ఒక సైకాలజిస్టును కలవడానికి వెనకాడకండి. తోడుగా మీరూ వెళ్లండి. మీ నిద్రలేమి గురించి కూడా అక్కడే చెప్పండి.

మొదలు ఎక్కడంటే, ఈ వారంలో ఒక రాత్రి భోజనాలయ్యాక, మంచం కింద ఉన్న ఆ బంపరును మీరే బయటికి తీసి, దుమ్ము తుడిచి, ఆయన ముందు పెట్టండి. "ఇది ముందుదా, వెనకదా?" అని అడగండి. ఆయన జవాబు చెప్పేదాకా పక్కనే కూర్చోండి.