జీపీఏ 3.2, శాట్ 1150తో అమెరికాలో ఏ కాలేజీలకు అప్లై చేయాలి?

మీ పాపకి స్కూల్ గ్రేడ్ల సగటు (జీపీఏ) నాలుక్కి 3.2, కాలేజీ అడ్మిషన్ల కోసం రాసే శాట్ పరీక్షలో 1600కి 1150 వచ్చాయని, ఈ మార్కులు 'తక్కువే' అని రాశారు. 1150 తక్కువని మీకెవరు చెప్పారండీ? 2024లో హైస్కూల్ ముగించిన బ్యాచ్‌కి శాట్ సగటు 1024. మనవాళ్ల పార్టీల్లో నిలబడితే మాత్రం ఈ దేశంలో 1500 కన్నా తక్కువ తెచ్చుకున్న పిల్లలే లేరనిపిస్తుంది, ఎందుకంటే 1100 వచ్చిన పిల్లల అమ్మానాన్నలు ఆ మాట ఎత్తగానే మంచినీళ్ల వంకతో పక్కకి జారుకుంటారు.

మా అబ్బాయివీ దాదాపు ఇవే మార్కులు. వాడి లిస్టు నిండా టీషర్టుల మీద కనిపించే పేర్లే. నేను వాదన పెట్టుకోలేదు. ఒక ఆదివారం రాత్రి పక్కన కూర్చుని, ఒక్కో కాలేజీ పేరు పక్కన 'కామన్ డేటా సెట్' అని కొట్టి గూగుల్‌లో వెతకమన్నాను. చాలా కాలేజీలు ఏటా వాళ్ల వెబ్‌సైట్లోనే పెట్టే పత్రం అది. అందులో సీ9 అనే దగ్గర చేరినవాళ్ల స్కోర్లుంటాయి, కింది పాతిక శాతం ఎక్కడ ఆగింది, పై పాతిక శాతం ఎక్కడ మొదలైంది అని. మొదటి కాలేజీలో కింది అంకే 1450. వాడు ఎక్సెల్‌లో ఆ వరసకి ఎరుపు రంగు వేశాడు. రెండోదీ ఎరుపే. కాసేపటికి స్క్రీనంతా ఎర్రబడింది. "ఆ కింది పాతికలో నేనుండొచ్చుగా నాన్నా" అన్నాడు. ఉండొచ్చురా, కానీ ఆటల్లో సెలెక్టయినవాళ్లు, తాత, తండ్రి అక్కడే చదివిన పిల్లలు కూడా ఆ పాతికలోనే ఉంటారు, నీకేమో ఈత కూడా రాదు అన్నాను. నవ్వేసి, లిస్టు మళ్లీ కింది నుంచి మొదలుపెట్టాడు.

నేను చెప్పేది కూడా అదే. ముందు మీ పాప స్కోరు మధ్యలోనో పైనో పడే కాలేజీలు, అందులోనూ రేపు సీటొస్తే ఏడవకుండా వెళ్లేవి రెండు మూడు పట్టుకోండి. కలల కాలేజీల పని తర్వాత, మిగిలిన ఓపికతో. స్కోర్లు ఇష్టమైతేనే పంపమనే కాలేజీల్లో సీ9 అంకెలు కాస్త ఉబ్బి ఉంటాయి, బాగా వచ్చినవాళ్లే పంపుతారు కాబట్టి. ఎంత శాతం మంది పంపారో అక్కడే రాసుంటుంది, చూడండి. కింది అంకెకన్నా తక్కువుంటే మేం పంపలేదు. కాలిఫోర్నియాలో ప్రభుత్వ యూనివర్సిటీలైన యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా), సీఎస్‌యూ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) క్యాంపస్‌లైతే అడ్మిషన్‌కి శాట్ అసలు చూడవు. ఫీజు సంగతి కాలేజీ సైట్లోనే, ఆర్థిక సాయం పోను మీ చేతి నుంచి ఎంత పడుతుందో అంచనా చెప్పే నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్‌లో తేలిపోతుంది.

ర్యాంకులు చూసి భయపడేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 2022లో యూఎస్ న్యూస్ పత్రిక ఇచ్చే కాలేజీ ర్యాంకుల్లో కొలంబియా యూనివర్సిటీ ఒక్కసారిగా 2 నుంచి 18కి పడిపోయింది. చదువు చెడిపోయి కాదు, వాళ్లిచ్చిన లెక్కలు తప్పని అక్కడి గణితం ప్రొఫెసరే బయటపెట్టాడు కాబట్టి. ప్యూ రీసెర్చ్ అనే సర్వే సంస్థ 2019లో 1,364 కాలేజీలు లెక్కేస్తే పదిశాతం లోపు మందికి సీటిచ్చేవి 17. సగానికి పైగా కాలేజీలు వచ్చిన అప్లికేషన్లలో మూడింట రెండొంతులకో అంతకన్నా ఎక్కువమందికో సీట్లిచ్చాయి. మన టెన్షనంతా ఆ పదిహేడింటి గురించే!

అన్నట్టు, ఏ మేజరో, అంటే ప్రధానంగా ఏ సబ్జెక్టు చదవాలనుకుంటోందో మీరు రాయలేదు. కంప్యూటర్ సైన్సయితే మాత్రం సీ9ని నమ్ముకోకండి, అది మొత్తం కాలేజీ లెక్క. చాలా పెద్ద యూనివర్సిటీల్లో ఆ ఒక్క బ్రాంచికి పోటీ వేరే స్థాయిలో ఉంటుంది. ముందు వేరే మేజర్‌లో చేరి తర్వాత మారొచ్చులే అని ఎవరైనా అంటే, మారనిస్తారో లేదో ఆ డిపార్ట్‌మెంట్‌కే మెయిల్ పెట్టి, జవాబొచ్చాకే అప్లై చేయండి.