ఐదు వేల లోపు తెలుగు మాట వినే కళ్ళజోడు: మా నాన్న కోసం చేసిన అనుభవం

తెలుగులో అడిగితే తెలుగులోనే బదులిచ్చే కళ్ళజోడును ఐదు వేలు దాటకుండా ఇంట్లో చేసుకోగలమా, అద్దం మీద అక్షరాలు కూడా కనిపించాలి అని మీరు అడిగారు. అక్షరాల ఆశ వదులుకుంటే చేసుకోవచ్చు. నేను మా నాన్న కోసం రెండు జతలు చేశాను. గ్లకోమా (నీటికాసులు) వల్ల ఆయన చూపు బాగా తగ్గిపోయింది. గోడ గడియారం ముళ్ళు కనిపించవు, ఫోను తెర మీద వేలు ఎక్కడ పెట్టాలో తెలియదు. మొదటి జత రెండు రోజులకే బీరువాలోకి వెళ్ళింది. రెండోది ఏడు నెలలుగా ఆయన ముక్కు మీదే ఉంది.

మొదటిదానికి రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ అనే బుల్లి కంప్యూటరు వాడాను. 65 మి.మీ. పొడవు, 30 మి.మీ. వెడల్పు ఉన్న బోర్డు, దానికి సరిపడే బ్యాటరీ. కళ్ళజోడు కుడివైపు వాలిపోయేది. గంట తిరక్కుండానే నాన్న ముక్కు మీద ఎర్రటి గుంటలు పడ్డాయి. ఆ గుంటలు చూశాక పద్ధతి మొత్తం మార్చాను. కళ్ళజోడులో చెవి, నోరు ఉంటే చాలు, మెదడు ఇంకెక్కడైనా ఉండవచ్చు.

రెండోదానికి షియావో ఈఎస్‌పీ32ఎస్3 సెన్స్ బోర్డు తీసుకున్నాను. 21 మి.మీ. పొడవు, 18 మి.మీ. లోపు వెడల్పు, మైకు, కెమెరా దానితోనే వస్తాయి. అది నాన్న మాటను వైఫై మీద మా పాత ల్యాప్‌టాప్‌కు పంపుతుంది. ఆ శబ్దం సెకనుకు 32 కిలోబైట్లు, ఇంటి వైఫైకి అదేమంత భారం కాదు. జవాబు తిరిగి వచ్చాక మ్యాక్స్98357ఏ అనే చిన్న యాంప్లిఫయర్ ద్వారా చెవి దగ్గరి స్పీకరులో వినిపిస్తుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు కలుపుదామని మాత్రం అనుకోకండి. ఈ బోర్డులోని ఎస్3 చిప్‌లో ఉన్నది తక్కువ కరెంటుతో నడిచే బీఎల్ఈ రకం బ్లూటూత్ మాత్రమే, మామూలు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లకు శబ్దం పంపే క్లాసిక్ బ్లూటూత్ దానిలో లేదు. బోర్డు కుడి కాడకు, బ్యాటరీ ఎడమ చెవి వెనక్కు పెట్టాను. ఫ్రేముతో కలిపి మా వంటింటి త్రాసు మీద 46 గ్రాములు తూగింది.

బ్యాటరీ విషయంలో దయచేసి తొందరపడకండి. నేను 250 ఎంఏహెచ్ లిథియం పాలిమర్ బ్యాటరీని బజారులో దొరికే టీపీ4056 ఛార్జింగ్ బోర్డుకు అలాగే కలిపాను. ఎంత కరెంటు పంపాలో నిర్ణయించే రెసిస్టరు ఆ బోర్డు మీద సాధారణంగా 1.2 కిలో ఓమ్‌లది ఉంటుంది. దానితో ఒక ఆంపియర్ కరెంటు వెళ్తుంది, అంత చిన్న బ్యాటరీకి అది నాలుగు రెట్లు ఎక్కువ. బ్యాటరీ అప్పడంలా ఉబ్బింది. బల్ల మీద ఉండగా ఉబ్బింది కాబట్టి సరిపోయింది, అది చెవి వెనక ఉండే వస్తువు. రెసిస్టరును 10 కిలో ఓమ్‌లకు మారిస్తే కరెంటు 130 మిల్లీఆంపియర్లకు తగ్గుతుంది. అసలు షియావో బోర్డులోనే ఛార్జింగ్ ఏర్పాటు ఉంది, అడుగున బ్యాటరీ తీగలు అతికే చోట్లు కూడా ఉన్నాయి. రక్షణ సర్క్యూట్ ఉన్న బ్యాటరీనే కొనండి, తల మీద ఉండగా ఎప్పుడూ ఛార్జింగ్ పెట్టకండి.

వైఫై నిరంతరం నడిస్తే ఈ బ్యాటరీ రెండు గంటలకు మించి రాలేదు. అందుకని కాడ మీద రాగి టేపు ముక్క అతికించి, వేలు తగిలితేనే బోర్డు మేల్కొనేలా చేశాను. వైఫై అందుకోవడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది, తర్వాత చిన్న కూత వినిపిస్తుంది. నాన్న ఆ కూత విని మాట్లాడతారు.

అద్దం మీద అక్షరాలు ఎందుకు వద్దంటున్నానంటే, కంటికి మూడు సెంటీమీటర్ల దూరంలో ఉన్న తెరను కన్ను చదవలేదు. హాయిగా చదవాలంటే పాతిక సెంటీమీటర్లయినా కావాలి. మధ్యలో లెన్సు, ఏటవాలు అద్దం పెడితే కుదురుతుంది, బరువు మాత్రం మళ్ళీ మొదటికి వస్తుంది.

నాకు ఎక్కువ రోజులు పట్టింది తెలుగుతోనే. మాటను గుర్తించి అక్షరాలుగా మార్చడానికి వోస్క్ అనే సాఫ్ట్‌వేరు, దాని చిన్న తెలుగు మోడల్ వాడాను. 60 మెగాబైట్ల లోపే ఉంటుంది, ఇంటర్నెట్ అక్కర్లేదు. కానీ మన సంధులు ఉన్నాయి కదా! నాన్న ఒకసారి "గంట ఎంత" అంటారు, ఒకసారి "గంటెంతయింది", ఇంకోసారి "టైమెంతయిందమ్మా". వాక్యం మొత్తం సరిపోలాలని రాసిన ప్రోగ్రాము సగంసార్లు మూగబోయేది. ఇప్పుడు మాట మొదలులో "గంట" లేదా "టైమ" ఉందా అని మాత్రమే చూస్తున్నాను. పైన సీలింగ్ ఫ్యాను గాలి మైకులోకి కొడితే అదీ వినబడేది కాదు. బొట్టుబిళ్ళంత స్పాంజి ముక్క అడ్డం పెట్టాక కుదుటపడింది.

జవాబు చెప్పే గొంతు కోసం మొదట ఈస్పీక్ ఎన్‌జీ అనే, అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేరు పెట్టాను. వేగంగా పలుకుతుంది, కానీ నాన్న "ఇనుప డబ్బాలోంచి ఎవరో పిలుస్తున్నట్టుంది" అన్నారు. ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ బృందం ఇచ్చిన తెలుగు గొంతు చాలా బాగుంది, మా ముసలి ల్యాప్‌టాప్ మీద మాత్రం ఆలస్యమవుతుంది. చివరకు గంటలకు 12, నిమిషాలకు 59 ముక్కలు మా అమ్మాయి చేత చదివించి రికార్డు చేశాను. "తాతయ్యా, పదకొండు గంటల ఇరవై నిమిషాలు" అని మనవరాలి గొంతు వినిపిస్తే ఆయన అవసరం లేకపోయినా మళ్ళీ అడుగుతారు.

ల్యాప్‌టాప్ కాకుండా నాకు 4,300 రూపాయలైంది. బోర్డు ఆన్‌లైన్‌లో, మిగతావన్నీ హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో కొన్నాను.

కెమెరాతో మందుల పేర్లు చదివించాలని కూడా ప్రయత్నించాను. దాని లెన్సు దూరాన్ని తనంతట సర్దుకోదు, దగ్గరి అక్షరాలు అలుక్కుపోతాయి, మందుపట్టీ రేకు మెరుపుకి అంకెలు తారుమారవుతాయి. 5 ఉన్నచోట 50 అని ఒకసారి చదివింది. ఆ రోజే ఆ పని దాని నుంచి తీసేశాను. ఇప్పుడు ఉదయం వేసుకునే పట్టీకి ఒక రబ్బరు బ్యాండు, రాత్రి పట్టీకి రెండు చుట్టి పెడుతున్నాం. నాన్న వేలితో తడిమి తీసుకుంటారు.