ఎవరూ బిగించని నిరోధం: ఇంటి కరెంటు మీద పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంటి కరెంటు మీదే. ఊళ్లు వేరు, ఇబ్బందులు వేరు, అయినా జవాబులు చివరికి ఒకే లెక్క దగ్గర తేలాయి: వోల్టేజిని నిరోధంతో భాగిస్తే కరెంటు. జార్జ్ సైమన్ ఓమ్ 1827లో అచ్చు వేయించిన లెక్క ఇది. బడిలో ఈ లెక్క చేసేటప్పుడు బొమ్మలో గీసిన నిరోధం ఒక్కటే కంటికి కనిపిస్తుంది. ఇళ్లలో తంటాలు తెచ్చేది వేరే నిరోధం. సన్నటి వైరులో, తుప్పు పట్టిన జాయింటులో, వదులైన స్క్రూ కింద, ఎవరూ బిగించకుండానే వచ్చి చేరుతుంది. కింది జవాబుల్లో చాలావాటికి మూలం అదే.

ప్రశ్న: 100 వాట్ల ఫిలమెంటు బల్బుకు 230 వోల్టుల మీద నిరోధం లెక్కకడితే 529 ఓమ్‌లు వచ్చింది. మల్టీమీటరు పెడితే 40 దగ్గర చూపిస్తోంది. మీటరు తప్పా, నా లెక్క తప్పా? (పదో తరగతి విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: రెండూ ఒప్పే. మీటరు కొలిచింది చల్లగా ఉన్న తీగను. వెలిగేటప్పుడు ఆ టంగ్‌స్టన్ తీగ 2,500 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంటుంది. లోహం వేడెక్కేకొద్దీ నిరోధం పెరుగుతుంది, ఇక్కడ పన్నెండు పదమూడు రెట్లు పెరిగింది. నీ 529 ఆ వేడి మీది విలువ. స్విచ్ వేసిన క్షణంలో 230ని 40తో భాగించు, 5.75 ఆంపియర్లు. తీగ వేడెక్కాక 0.43 మాత్రమే. ఇలాంటి బల్బులు ఎక్కువగా స్విచ్ వేసినప్పుడే టప్పున పోవడానికి కారణం ఆ మొదటి క్షణపు కరెంటే.

ఇదే కొలత 1,000 వాట్ల ఇస్త్రీపెట్టె మీద చేసి చూడు. లెక్క 52.9 ఓమ్‌లు, మీటరూ ఇంచుమించు అంతే చూపుతుంది. అందులో ఉండే నైక్రోమ్ (నికెల్, క్రోమియం మిశ్రమం) తీగ నిరోధం వేడికి పెద్దగా మారదు. ప్లగ్గు సాకెట్టులోంచి తీసేసి, డయలు వేడి వైపు తిప్పి, ప్లగ్గు పిన్నుల మీద కొలవాలి. డయలు ఆఫ్‌లో ఉంటే లోపల దారి తెరుచుకుని మీటరు ఏమీ చూపదు.

ప్రశ్న: మీటరు నుంచి పెరట్లో మోటారుకి 60 మీటర్లు. ఒక హెచ్‌పీ సింగిల్ ఫేజు మోటారు. పొద్దున బాగా తిరుగుతుంది, సాయంత్రం స్విచ్ వేస్తే గుయ్‌మని మూలిగి ఆగిపోతుంది. కెపాసిటర్ మార్చినా గుణం లేదు. వైరు 1 స్క్వేర్ ఎంఎం రాగిది. మోటారు మార్చాలా? (రైతు, కొల్లిపర మండలం, గుంటూరు జిల్లా)

జవాబు: మోటారు జోలికి పోకముందు వైరు లెక్క చూడండి. 1 స్క్వేర్ ఎంఎం రాగి వైరుకు కిలోమీటరుకు సుమారు 18 ఓమ్‌ల నిరోధం. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి కాబట్టి మీ 60 మీటర్లు లెక్కలో 120 అవుతుంది. అంటే 2.16 ఓమ్‌లు. మోటారు తిరిగేటప్పుడు 7 ఆంపియర్లు లాగితే వైరులో పోయేది 15 వోల్టులు. పొద్దున 230 ఉంటే మోటారుకు 215 అందుతుంది, ఇబ్బంది లేదు.

చిక్కంతా స్టార్టింగులో. తిరుగుతున్న మోటారు తనలో ఎదురు వోల్టేజి పుట్టించుకుని కరెంటును అదుపులో పెట్టుకుంటుంది. ఆగి ఉన్నప్పుడు ఆ అడ్డు లేదు, అందుకే అయిదారు రెట్లు లాగుతుంది. సాయంత్రం మెయిన్ దగ్గర 200 వోల్టులే ఉందనుకుందాం, మోటారు 25 ఆంపియర్లు లాగిందనుకుందాం. 25ని 2.16తో గుణిస్తే 54 వోల్టులు వైరులోనే పోయాయి, మిగిలింది 146. మోటారు స్టార్టయ్యే బలం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. 146ని 230తో భాగించి వర్గం చేస్తే 0.40. నూటికి నలభై పాళ్ల బలంతో నీళ్లను కదిలించలేక నిలబడిపోతుంది. నిలబడినంతసేపూ ఆ 25 ఆంపియర్లు వైండింగులో వేడిగా మారుతూనే ఉంటాయి. మీకు వినిపించే మూలుగు అలా నిలబడిపోయిన మోటారుదే. పది సెకన్లు అలా వదిలినా వైండింగుకు చేటు, వెంటనే ఆపేయండి.

ఎలక్ట్రీషియన్‌తో రెండు చోట్ల వోల్టేజి కొలిపించండి. మెయిన్ దగ్గర ఒకటి, మోటారు టెర్మినళ్ల దగ్గర ఒకటి, రెండూ స్టార్టు చేసే క్షణంలోనే. మెయిన్ దగ్గరే 180 కిందికి పడితే లోపం బయట లైనులో ఉంది, మీరు ఎంత లావు వైరు వేసినా లాభం లేదు. మెయిన్ దగ్గర 200 ఉండి మోటారు దగ్గర 150 చూపితే దోషం వైరుది. అప్పుడు 4 స్క్వేర్ ఎంఎం రాగి వేయండి. నిరోధం 0.54 ఓమ్‌లకు దిగుతుంది, 25 ఆంపియర్ల స్టార్టింగులో పోయేది పదమూడున్నర వోల్టులే. రెండున్నర వైరు చౌక, కానీ అందులో 22 వోల్టులు పోతాయి. సాయంత్రాలు వోల్టేజి తక్కువుండే చోట మేం నాలుగే వేయమంటాం. సబ్‌మెర్సిబుల్ అయితే బోరులోకి దిగే కేబులు పొడవు కూడా ఈ లెక్కలో కలపాలి, చాలామంది మరిచేది ఇదే. అల్యూమినియం నిరోధం రాగికి 1.6 రెట్లు కాబట్టి అది వేసేవాళ్లు ఒక సైజు పైది తీసుకోవాలి. మధ్యలో జాయింటు లేకుండా ఒకే ముక్క లాగించండి.

ప్రశ్న: గీజరు ప్లగ్గు నల్లబడి సాకెట్టు కరిగిపోయింది. అంత వేడి పుట్టినా ఎమ్‌సీబీ ఎందుకు పడలేదు? (గృహిణి, పటమట, విజయవాడ)

జవాబు: ఎమ్‌సీబీ అంటే కరెంటు హద్దు దాటితే దానంతటదే పడిపోయే స్విచ్. దానికి తెలిసేది కరెంటు పెరగడం ఒక్కటే, మీ ఇంట్లో కరెంటు పెరగలేదమ్మా. 2,000 వాట్ల గీజరు నిరోధం 26.45 ఓమ్‌లు, కరెంటు 8.7 ఆంపియర్లు. ప్లగ్గు పిన్ను సాకెట్టులో వదులై అక్కడ 0.3 ఓమ్ నిరోధం చేరిందనుకోండి. కరెంటు 8.6కి తగ్గుతుంది. వేడి మాత్రం కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణించినంత, అంటే 22 వాట్లు, ఆ చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పుడుతుంది. రేడియో రిపేరు కొట్లో సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. దాన్నే సాకెట్టులో దాచి రోజూ అరగంట వెలిగించినట్టు అయింది. వేడికి ఇత్తడి పట్టు సడలుతుంది, పైన నల్ల పొర కడుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది. అది ఒక ఓమ్‌కు చేరితే వేడి 70 వాట్లు.

ప్లగ్గు, సాకెట్టు రెండూ మార్పించండి. కాలిన పిన్ను కొత్త సాకెట్టును కూడా పాడుచేస్తుంది. రెండూ 16 ఆంపియర్లవి కావాలి, మధ్యలో కన్వర్షన్ ప్లగ్గు వద్దు. నల్లబడిన వైరును మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించి, పోగులు మెలిపెట్టి, మడిచి, స్క్రూ గట్టిగా బిగించాలి. బిగించాక గీజరు పావుగంట నడిపి, ఎమ్‌సీబీ దించి ప్లగ్గు ముట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే సరే, చేయి పెట్టలేకపోతే పట్టు ఇంకా సరిగా లేదు.

ప్రశ్న: మాది మూడు పోర్షన్ల ఇల్లు, త్రీ ఫేజు కనెక్షను, ఒక్కో పోర్షనుకు ఒక్కో ఫేజు. మొన్న రాత్రి పక్క పోర్షనులో లైట్లు మసకబారాయి, అదే సమయంలో మా లైట్లు మిరుమిట్లు గొలిపి టీవీ, సెట్‌టాప్ బాక్సు కాలిపోయాయి. బయటినుంచి హై వోల్టేజి వచ్చిందంటున్నారు. నిజమేనా? (వన్‌టౌన్, విజయవాడ)

జవాబు: ఒకే ఇంట్లో ఒకరికి మసక, ఒకరికి మిరుమిట్లు, అదీ ఒకే క్షణంలో. ఇది న్యూట్రలు తెగినప్పుడు కనిపించే గుర్తు. బయట ఎక్కడా వోల్టేజి పెరగనక్కర్లేదు.

ఫేజుకు న్యూట్రలుకు మధ్య 230 వోల్టులు, రెండు ఫేజుల మధ్య దానికి 1.73 రెట్లు, సుమారు 400. న్యూట్రలు గట్టిగా ఉన్నంతకాలం ఎవరి పోర్షను కరెంటు వారి ఫేజులో వచ్చి న్యూట్రలులో వెళ్తుంది, పక్కవాళ్లు ఏం వాడినా మీకు 230 తప్పదు. అది తెగితే మీ పోర్షను, పక్క పోర్షను ఒకే గొలుసులో చేరి 400 వోల్టుల మధ్య ఇరుక్కుంటాయి. మూడో పోర్షనువాళ్లు ఊళ్లో లేరనుకుని లెక్క చూద్దాం. మీరు 100 వాట్లు వాడుతున్నారు, 529 ఓమ్‌లు. పక్కవాళ్లు ఇస్త్రీ చేస్తున్నారు, 52.9 ఓమ్‌లు. గొలుసులో ఎక్కువ నిరోధానికి ఎక్కువ వోల్టేజి. మీ మీద 364 వోల్టులు, వాళ్ల మీద 36. తక్కువ కరెంటు వాడే ఇంట్లోనే సామాను కాలడం అందరికీ అన్యాయంగా తోస్తుంది, కానీ లెక్క అంతే.

తెగే చోట్లు కొన్నే. స్తంభం మీది జాయింటు, మీటరు బోర్డులో న్యూట్రలు లింకు, అల్యూమినియం సర్వీసు వైరు రాగిని కలిసే చోటు. ఈ రెండు లోహాలు నేరుగా కలిస్తే తేమకు అల్యూమినియం తినుకుపోతుంది, వేడికి రెండూ వేర్వేరుగా సాగి స్క్రూ వదులవుతుంది. అక్కడ ఈ రెండు లోహాలను కలపడానికే చేసిన బైమెటల్ లగ్గు వాడాలి. పాత ఇళ్లలో న్యూట్రలుకు కూడా ఫ్యూజు కట్టి ఉంటారు. ఆ ఫ్యూజు పోతే మీకు జరిగిందే జరుగుతుంది, దాన్ని తీసేసి గట్టి లింకు పెట్టించండి. మసక, మిరుమిట్లు కనిపించగానే మూడు పోర్షన్ల మెయిన్లూ దించి 1912కి ఫోను చేయండి.

ఒక్క పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. న్యూట్రలు లేదని ఎర్తు గుంతలోంచి తీసుకోవడం మన దగ్గర అలవాటుగా ఉంది. ఎర్తు నిరోధం 5 ఓమ్‌లుండి 10 ఆంపియర్లు అందులో పారితే ఆ ఎర్తు వైరు 50 వోల్టులకు లేస్తుంది. అది ఫ్రిజ్జు, వాషింగ్ మెషిన్, గీజరు బాడీలన్నింటికీ కట్టి ఉంది. తడి చేత్తో వాటిని తాకేది పిల్లలు.

న్యూట్రలు తెగిన ప్రమాదాన్ని ఎమ్‌సీబీ పట్టదు, కరెంటు లీకయితే పడే ఆర్‌సీసీబీ కూడా పట్టదు. వోల్టేజి దాదాపు 270 దాటినా, 170 కిందికి పడినా దానంతటదే లైను కోసేసే ప్రొటెక్టర్ పోర్షనుకొకటి పెట్టించండి.

ప్రశ్న: 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో ఇంట్లో నడుము లోతు నీళ్లు నిలిచాయి. బోర్డులన్నీ మార్చాం. వాన పడితే ఆర్‌సీసీబీ ఇప్పటికీ పడిపోతోంది, ఎమ్‌సీబీలన్నీ దించినా పడుతోంది. తీసేసి డైరెక్టు ఇమ్మంటున్నారు. (సింగ్ నగర్, విజయవాడ)

జవాబు: తీయకండి. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రలులో తిరిగి రాకపోతే, తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోగా అది కోసేస్తుంది. తడి ఒంటి నిరోధం వెయ్యి ఓమ్‌లనుకుంటే 230 వోల్టులకు పారేది 230 మిల్లీ ఆంపియర్లు, ప్రాణం తీసేంత. 10 ఆంపియర్ల ఎమ్‌సీబీకి అది లెక్కలోకే రాదు.

ఎమ్‌సీబీలు దించినా పడుతోందన్న మాటలో ఆచూకీ ఉంది. సింగిల్ పోల్ ఎమ్‌సీబీ ఫేజును మాత్రమే కోస్తుంది, న్యూట్రలు కలిసే ఉంటుంది. చుట్టుపక్కల లోడు వల్ల న్యూట్రలు భూమి కంటే ఒకటి రెండు వోల్టులు పైన ఉండడం మామూలే. తడిసిన పైపులో న్యూట్రలు ఎర్తు వైరును 50 ఓమ్‌లతో తాకినా 2 వోల్టులకు 40 మిల్లీ ఆంపియర్లు పారతాయి. ఆర్‌సీసీబీ పడక తప్పదు.

మెయిన్ దించి, ఆర్‌సీసీబీ తర్వాతి న్యూట్రలు లింకులోంచి వైర్లన్నీ విడదీయించండి. టీవీ, ఫ్రిజ్జు, ఎల్ఈడీ లైట్లు తీసేసి, ఒక్కో సర్క్యూటుకు ఫేజు–ఎర్తు, న్యూట్రలు–ఎర్తు మధ్య 500 వోల్టుల మెగ్గర్‌తో (ఎక్కువ వోల్టేజి పెట్టి నిరోధం కొలిచే మీటరు) కొలిపించండి. ఒక మెగాఓమ్‌కు తగ్గిన సర్క్యూటు దోషి. మల్టీమీటరు కొన్ని వోల్టులతోనే కొలుస్తుంది, తడి లీకేజీని తరచూ దాటేస్తుంది. బోర్డులు మార్చినా గోడలోని పైపుల వంపుల్లో ఒండ్రు, టేపు చుట్టిన జాయింట్లు అలాగే ఉండి ఉంటాయి. ఆ సర్క్యూటు వైర్లు పూర్తిగా లాగేసి, పైపు ఊది ఆరబెట్టి, కొత్తవి వేయించాలి.

ప్రశ్న: సాకెట్టులో టెస్టర్ వెలుగుతోంది, మల్టీమీటరు 90 వోల్టులు చూపుతోంది, బల్బు పెడితే వెలగదు. కరెంటు ఉన్నట్టా, లేనట్టా? (మంగళగిరి)

జవాబు: వోల్టేజి కనిపిస్తోంది, దాని వెనక కరెంటు ఇచ్చే దారి లేదు. టెస్టర్‌లో మెగాఓమ్ దరిదాపు నిరోధం ఉంటుంది, పావు మిల్లీ ఆంపియరు కంటే తక్కువైనా చాలు వెలగడానికి. మల్టీమీటరు నిరోధం సాధారణంగా 10 మెగాఓమ్‌లు. ఒకే పైపులో పక్కన పారే ఫేజు వైరు నుంచి, తెగి వేలాడుతున్న వైరులోకి అంత కొద్దిపాటి కరెంటు ఎక్కుతుంది. బల్బు పెట్టగానే ఆ వోల్టేజి సున్నాకు పడిపోతుంది. మాడిన జాయింటున్నా ఇలాగే కనిపించవచ్చు, కాబట్టి ఆ లైను మొత్తం చూపించండి. అయితే సాకెట్టు రెండు రంధ్రాల్లోనూ టెస్టర్ ప్రకాశంగా వెలిగితే సంగతి వేరు. అక్కడ న్యూట్రలు తెగింది, ఆన్‌లో ఉన్న ఏదో సామాను గుండా ఫేజు ఆ వైరులోకి వచ్చి కూర్చుంది. ముట్టుకుంటే పూర్తి షాక్ కొడుతుంది, మెయిన్ దించకుండా స్క్రూ విప్పకండి.