డౌలాకు అడ్వాన్సు కట్టేముందు ఆస్పత్రి మాట రాతపూర్వకంగా తీసుకోండి

ప్రశ్న: నాకిప్పుడు ఏడో నెల. తొలి కాన్పు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చూపించుకుంటున్నాను. నొప్పుల సమయంలో పక్కనే ఉండి ధైర్యం చెప్పడానికి డౌలాను పెట్టుకుందామని నేనూ మావారూ అనుకున్నాం. ఫీజు 40 వేలు. అందులో 20 వేలు ముందే కట్టాలట. ఆ డబ్బు ‘ఎట్టి పరిస్థితుల్లోనూ వాపసు ఇవ్వబడదు’ అని వాట్సాప్‌లో పంపిన ఒప్పందంలో ఉంది. డాక్టర్‌తో తనే మాట్లాడి సిజేరియన్ కాకుండా చూస్తానని ఆవిడ అంటోంది. ఆస్పత్రిలో అడిగితే లేబర్ రూమ్‌లోకి ఒక్కరినే పంపుతామన్నారు. మంత్రసాని పనికి ఇంత డబ్బా అని మా అత్తగారు. ఇలాంటివాళ్లకు ప్రభుత్వ గుర్తింపు ఉంటుందా? డౌలా రాకపోయినా, ఏదైనా తేడా జరిగినా బాధ్యత ఎవరిది? – ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: ఫీజు సంగతి తర్వాత చూద్దాం. ముందు తేలాల్సింది ఆవిడను ఆస్పత్రి లోపలికి రానిస్తుందా లేదా అన్నది. మీరు తెచ్చుకున్న డౌలాను ప్రైవేటు ఆస్పత్రి లేబర్ రూమ్‌లోకి రానిచ్చి తీరాలని చెప్పే చట్టం మనకు లేదు. కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో కాన్పు సమయంలో తోడు ఉండనివ్వాలని మార్గదర్శకాలు ఇచ్చింది. కానీ అవి ప్రభుత్వాస్పత్రులకు ఇచ్చినవి. వాటిలో చెప్పిన తోడు కూడా బంధువైన స్త్రీ, అదీ కాన్పు అనుభవం ఉన్నావిడ. ఆవిడకు అంటువ్యాధులు ఉండకూడదు, శుభ్రమైన బట్టలతో రావాలి, మిగతా గర్భిణుల జోలికి వెళ్లకూడదు, సిబ్బంది పనికి అడ్డం రాకూడదు. చాటు ఉండే ఏర్పాటున్న చోట భర్తను రానివ్వవచ్చు. డబ్బిచ్చి పెట్టుకున్న డౌలా ప్రస్తావన అందులో లేదు. కోరుకున్న మనిషి తోడుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫారసు చేసింది. ఆస్పత్రి మేనేజ్‌మెంట్‌తో మాట్లాడేటప్పుడు ఇవన్నీ పనికొస్తాయి. కోర్టుకెళ్లి అనుమతి సంపాదించడానికి మాత్రం చాలవు.

అందుకే ఈ వారమే ఆస్పత్రికి ఒక ఈమెయిల్ పెట్టండి, కాపీ మీ డాక్టర్‌కు కూడా పంపండి. కౌంటర్లో ‘ఆ, రానిస్తారులెండి’ అన్న మాట అర్ధరాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లకు తెలియదు. మెయిల్లో నాలుగు విషయాలు అడగండి. డౌలాను అనుమతిస్తారా? ఒక్కరినే అంటే భర్త, డౌలా వంతులవారీగా మారవచ్చా? సిజేరియన్ అయితే ఆపరేషన్ థియేటర్లోకి ఎవరు రావచ్చు? ఆవిడ ముందుగా ఏవైనా కాగితాలు ఇవ్వాలా? చాలా చోట్ల థియేటర్లోకి బయటివాళ్లను అసలు రానివ్వరు. నేషనల్ ఫ్యామిలీ హెల్త్ సర్వే–5 (2019–21) ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటులో అయితే 80 శాతం దాటాయి. అంటే మీరు 40 వేలు కట్టిన మనిషి అసలు సమయంలో కారిడార్లో కూర్చోవాల్సి రావచ్చన్నమాట. ఆ అవకాశం తెలిసే నిర్ణయం తీసుకోండి.

ఇక గుర్తింపు. డౌలా పనికి లైసెన్సు ఇచ్చే చట్టబద్ధ మండలి మన దేశంలో లేదు. ‘సర్టిఫైడ్’ అని చూపించేది ఏదో ప్రైవేటు శిక్షణ సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్. దాన్ని తక్కువ చేయనక్కర్లేదు, లైసెన్సు అనుకోవడమే పొరపాటు. ఎక్కడ నేర్చుకున్నారు, ఎన్ని కాన్పులకు తోడున్నారు అని అడగండి. నర్సుగా కూడా పనిచేశానంటే స్టేట్ నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు చూపించమనండి. మీ అత్తగారికి కూడా ఇది చెప్పండి: డౌలా మంత్రసాని కాదు, కాన్పు చేయదు, చేయకూడదు కూడా. నడుం రుద్దడం, భంగిమలు మార్పించడం, ఊపిరి తీసుకోవడంలో సాయం, డాక్టర్ చెప్పింది మీకు అర్థమయ్యేలా చెప్పడం, ఇవీ ఆవిడ పనులు. లోపలి పరీక్ష చేయడం, బిడ్డ గుండె చప్పుడు చూసి ‘బాగానే ఉంది, ఇంకా ఆగవచ్చు’ అని తీర్పు చెప్పడం, నొప్పులు రావడానికి ఆముదమో మందులో ఇవ్వడం ఆవిడ పనులు కావు. రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం సెక్షన్ 34 కింద ఏడాది వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా పడవచ్చు.

‘కావాలంటే ఇంట్లోనే కానిద్దాం’ అనే డౌలా అయితే అక్కడితో మాట ముగించండి. నిర్లక్ష్యంతో ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద గరిష్ఠ శిక్ష ఐదేళ్లు. వైద్య ప్రక్రియ చేస్తుండగా జరిగితే దాన్ని రెండేళ్లకు తగ్గించే మినహాయింపు రిజిస్టర్డ్ వైద్యులకే ఉంది. డౌలాకు లేదు.

మీ ఉత్తరంలో నాకు బాగా గుచ్చుకున్నది ‘డాక్టర్‌తో తనే మాట్లాడి సిజేరియన్ కాకుండా చూస్తాను’ అన్న మాట. పక్కన ఎడతెగకుండా తోడుంటే మామూలు కాన్పు అయ్యే అవకాశం పెరుగుతుందన్నది నిజమే. వైద్య అధ్యయనాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2017 నాటి సమీక్ష 26 అధ్యయనాల్లో సుమారు 15,800 మంది స్త్రీల వివరాలు చూసి ఆ మాటే చెప్పింది. అవకాశం పెరగడం వేరు, హామీ ఇవ్వడం వేరు. ప్రకటనలో ‘నార్మల్ డెలివరీ గ్యారంటీ’ అని ఉంటే వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం అది తప్పుదోవ పట్టించే ప్రకటన కిందికి వస్తుంది. స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. అసలు విషయం ఏమిటంటే, మీ తరఫున ఒప్పుకునే అధికారం గానీ కాదనే అధికారం గానీ ఆవిడకు లేదు. సమీరా కోహ్లీ కేసులో (2008) సుప్రీంకోర్టు, మేజరై తెలివిలో ఉన్న పేషెంటు సమ్మతి ఆమే ఇవ్వాలని తేల్చింది. ఆ కేసులో కూతురు మత్తులో ఉండగా తల్లి ఇచ్చిన సమ్మతే చెల్లలేదు. మీరు తెలివిలో ఉన్నంతసేపు మీవారి సంతకం కూడా మీ సంతకానికి బదులు కాదు. ఇక డౌలా సంగతి చెప్పేదేముంది? కాన్పు ఎలా జరగాలనుకుంటున్నారో మీరు రాసుకునే ‘బర్త్ ప్లాన్’ మీ ఇష్టాలకు సాక్ష్యంగా పనికొస్తుంది, డాక్టర్‌ను కట్టిపడేసే పత్రం మాత్రం కాదు.

ఇందులో దెబ్బతినేది ఎక్కడో కాస్త వివరంగా చెబుతాను. బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోంది, ఆపరేషన్ చేయాలి అని డాక్టర్ అంటారు. ‘ఇంకో గంట చూద్దాం’ అని డౌలా మీ చెవిలో అంటుంది. మీరు వద్దంటారు. వెంటనే నర్సు కేస్ షీట్‌లో టైముతో సహా రాస్తుంది: ‘సిజేరియన్ అవసరం వివరించాం, పేషెంటు నిరాకరించారు.’ కింద మీ సంతకం తీసుకుంటారు. తర్వాత బిడ్డకు ఏదైనా అయితే ఆస్పత్రి లాయరు వినియోగదారుల కమిషన్ ముందు మొదట చూపించేది ఆ ఒక్క వాక్యమే. డౌలా అన్న మాట ఎక్కడా రాతలో ఉండదు, నిరాకరించింది మీరని మాత్రం ఉంటుంది. కాబట్టి వైద్య నిర్ణయం వచ్చిన ప్రతిసారీ డాక్టర్‌నే అడగండి: ఎందుకు, ఆగితే ఏమవుతుంది, ఎంతసేపు ఆగవచ్చు? ఆ ప్రశ్నలు మీకు గుర్తుచేయడం మంచి డౌలా పని. జవాబు తనే చెప్పడం కాదు.

ఇప్పుడు ఒప్పందం. మీకు పంపిన కాగితంలో డబ్బు సంగతి ఉంది గానీ ఆవిడ ఏం చేస్తుందో ఉందా? ఈ కింది వాక్యాల వంటివి చేర్పించి, ఇద్దరూ సంతకం చేసి, చెరో కాపీ ఉంచుకోండి:

‘37 వారాలు నిండిన రోజు నుంచి 42 వారాల వరకు రాత్రింబవళ్లు ఫోన్‌కు అందుబాటులో ఉంటాను. పిలిచిన రెండు గంటల్లో ఆస్పత్రికి చేరతాను. రాలేకపోతే నా బదులు ఫలానా ఆమె (పేరు, ఫోన్) వస్తారు, అదనపు ఫీజు లేదు. నేనూ ఆమే ఇద్దరమూ రాకపోతే మొత్తం ఫీజు ఏడు రోజుల్లో వాపసు ఇస్తాను.’

ఆ బదులు మనిషిని కూడా ముందే ఒకసారి కలవండి. 37 వారాలకు ముందే నొప్పులు వస్తే, తేదీ పెట్టుకుని సిజేరియన్ చేస్తే, ఆస్పత్రి గేటు దగ్గరే ఆపేస్తే ఎంత డబ్బు వెనక్కొస్తుందో విడివిడిగా రాయించండి. ఎన్ని గంటలు దాటితే అదనంగా తీసుకుంటారో అడగండి, తొలి కాన్పు నొప్పులు ఒక పగలు, ఒక రాత్రి సాగడం వింతేమీ కాదు. మీ రాతపూర్వక అనుమతి లేకుండా ఫొటోలు, వీడియోలు తీయను, ఎక్కడా పెట్టను అన్న వాక్యం మరవకండి. కొందరికి ఇన్‌స్టాగ్రామే ప్రచారం మరి.

‘ఎట్టి పరిస్థితుల్లోనూ వాపసు లేదు’ అన్నంత మాత్రాన అది శిలాశాసనం కాదు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం ఒప్పందం తప్పినప్పుడు రాసుకున్న మొత్తమంతా దక్కదు, సమంజసమైన పరిహారమే దక్కుతుంది. కైలాష్ నాథ్ కేసులో (2015) సుప్రీంకోర్టు అడ్వాన్సు జప్తు విషయంలోనూ ఇదే సూత్రం చెప్పింది. తప్పు ఆవిడదైతే ఈ షరతు ఆమెను కాపాడదు. అయితే మీరే చివరి వారంలో మనసు మార్చుకుంటే పూర్తి డబ్బు ఆశించకండి. మీ తేదీల కోసం ఆవిడ వేరేవాళ్లను వదులుకుంది, అది నిజమైన నష్టమే. ఆస్పత్రి రానివ్వనప్పుడు తప్పు ఎవరిదన్నదే అసలు చిక్కు. అందుకే అడ్వాన్సు కంటే ముందు ఆస్పత్రి మెయిల్ అంటున్నాను. ఇంకొకటి, వ్యక్తిగత నైపుణ్యం మీద నడిచే ఒప్పందం కాబట్టి ‘వచ్చి తీరాలి’ అని ఏ కోర్టూ ఆమెను ఆదేశించదు. మీకు దక్కేది డబ్బే.

బాధ్యత విషయానికొస్తే, డాక్టర్లు, నర్సుల తప్పులకు ఆస్పత్రి జవాబు చెప్పాలి. మీరు తెచ్చుకున్న డౌలా తప్పులకు ఆవిడే. ఆస్పత్రే ప్యాకేజీలో డౌలాను ఇచ్చి బిల్లులో కలిపితే మాత్రం ఆస్పత్రినీ కలిపి అడగవచ్చు. వీలైతే ఆ దారే మేలు, గేటు దగ్గర గొడవ కూడా ఉండదు. మీకు మెటర్నిటీ ఇన్సూరెన్స్ ఉంటే డౌలా ఫీజు అందులో వస్తుందని అనుకోవద్దు, పాలసీలో ఆ మాట ఉంటే తప్ప.

డబ్బు యూపీఐలో కట్టండి, రసీదు అడగండి. జీఎస్టీ వేస్తే రసీదు మీద జీఎస్టీ నంబరు ఉండాలి. తేడా వస్తే వాట్సాప్ చాట్ చెరిపేయకండి, స్క్రీన్‌షాట్లు ఉన్నా సరే అసలు చాట్ ఫోన్లో ఉండాలి. ఆస్పత్రి రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ముందు డౌలాకు 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. కదలిక లేకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, లేదా ఈ–జాగృతి పోర్టల్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు సేవాలోపం కింద ఫిర్యాదు వేయవచ్చు. మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, లాయరు కూడా తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. పసిబిడ్డ పనుల్లో ఏడాది ఇట్టే గడిచిపోతుంది కాబట్టి నోటీసు మాత్రం మొదటి నెలల్లోనే మీవారి చేత పోస్టు చేయించండి.