పిల్లలను కోర్టుకు తీసుకెళ్తే మామూలు పని రోజునే తీసుకెళ్లండి

న్యాయవ్యవస్థ పాఠం ఎంత చెప్పినా తొమ్మిదో తరగతి వాళ్ల బుర్రకెక్కడం లేదు, కోర్టుకు తీసుకెళ్తే ఉపయోగమా, అసలు లోపలికి రానిస్తారా అని ఒక టీచర్ అడిగారు. రానిస్తారండీ. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను, మా దగ్గరి జూనియర్ సివిల్ జడ్జి కోర్టుకు పిల్లలను తీసుకెళ్తుంటాను. చట్టప్రకారం విచారణ అందరూ చూసేలా జరగాలి, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) లాంటి కేసులకే మినహాయింపు. అయినా ముందుగా హెచ్ఎం గారి చేత మండల న్యాయ సేవాధికార కమిటీకి లెటర్ పెట్టించండి, అక్కడి జడ్జిగారే దానికి ఛైర్మన్‌గా ఉంటారు.

నవంబర్ 9న న్యాయ సేవల దినోత్సవం అని మనల్ని కోర్టుకు రమ్మంటారు, ఉపన్యాసం విని ఫొటో దిగి వచ్చేస్తాం. అది కోర్టును చూసినట్టు కాదు. మొదటిసారి లోక్ అదాలత్ రోజు కూడా వద్దు, ఆ రోజు అన్నీ రాజీలే. మామూలు పని రోజున పదిన్నరకల్లా కూర్చోబెట్టండి. లాయర్ల బాయ్‌కాట్ ఏమైనా ఉందేమో ముందురోజే కనుక్కోండి. హాలు చిన్నది కాబట్టి పదిహేను మందికి మించొద్దు.

మొదట కాల్ వర్క్ నడుస్తుంది. అటెండర్ వరండాలోకి వచ్చి పేర్లు గట్టిగా పిలుస్తుంటాడు, ఒకరు పరుగున వస్తారు, ఇంకొకరు రారు, వాయిదా, మళ్లీ ఇంకో పేరు. సుత్తి లేదు, భగవద్గీత మీద ప్రమాణం లేదు, సినిమాల్లో చూసినదేదీ కనపడక పిల్లలు తికమకపడతారు. పడనివ్వండి.

ఒకసారి పొలం గట్టు తగాదాలో ఒక పెద్దావిడను క్రాస్ చేస్తున్నారు, అంటే సాక్ష్యం చెప్పిన ఆమెను ఎదుటి పక్షం లాయరు ప్రశ్నిస్తున్నారు. లాయరు గారు ఒకే వాక్యంలో మూడు ప్రశ్నలు కలిపి అడిగేసరికి ఆమె "అర్థం కాలేదయ్యా" అంది. జడ్జిగారు ఆపి, వాటిని విడదీసి తనే తేలిక మాటల్లో అడిగారు. చివర్లో ఆమె చెప్పిందంతా చదివి వినిపించి వేలిముద్ర వేయించుకున్నారు. బయటికి రాగానే ఒక పిల్లాడు, "ఆమె తెలుగులో చెబితే ఇంగ్లీషులో ఎందుకు టైపు చేశారు సార్?" అన్నాడు. హైకోర్టు, సుప్రీంకోర్టుల్లో ఇంగ్లీషు అని రాజ్యాంగం 348వ అధికరణలోనే ఉంది, కింది కోర్టుల్లో తెలుగులో నడపడానికి వీలున్నా చాలాచోట్ల అలవాటుగా ఇంగ్లీషే సాగుతోంది. ఆ అధికరణ గురించి క్లాసులో చెబితే ఒక్కరూ తలెత్తి చూడరు, ఆ రోజు మాత్రం బస్సెక్కేదాకా దాని మీదే వాదించుకున్నారు.

ఒక్క విషయంలో చాలా జాగ్రత్త. విడాకులో, మనోవర్తో, తండ్రి మీద కేసో నడుస్తున్న పిల్లలు మీ క్లాసులోనూ ఉండొచ్చు. వాయిదా రోజున సొంత నాన్నే స్నేహితుల ముందు బోనులో కనిపిస్తే ఆ బిడ్డ పరిస్థితి ఏమిటి? క్లాసులో అందరి ముందు కాకుండా విడిగా కనుక్కోండి, రాననే వాళ్లను కారణం అడగకండి.

తిరిగొచ్చాక వ్యాసం రాయించకండి. ఏ కేసు ఎందుకు వాయిదా పడిందో అడగండి: సమన్లు అందలేదు, సాక్షి రాలేదు, లాయరు ఇంకో కోర్టులో ఉన్నారు. కేసులు ఏళ్లతరబడి ఎందుకు నడుస్తాయో వాళ్లే చెబుతారు. తర్వాత ఉచిత న్యాయ సహాయం గురించి చెప్పండి. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వమే లాయర్‌ను ఇస్తుందన్న సంగతి మా పిల్లల ఇళ్లలో చాలామందికి తెలియదు. ఉచిత న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100 నంబరు నోట్‌బుక్కులో రాయించి, ఇంట్లో చూపించమనండి.