కోడింగ్ ఇవ్వని ఇంటర్న్‌షిప్ దండగేనా?

ప్రశ్న: బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడాది పూర్తయింది. వేసవిలో గచ్చిబౌలిలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో రెండు నెలలు ఇంటర్న్‌షిప్ చేశాను. కోడింగ్ ఇస్తారనుకుంటే టెస్ట్ కేసులు (సాఫ్ట్‌వేర్ సరిగా పనిచేస్తోందో లేదో చూసే పరీక్షలు) రాయించారు, ఎక్సెల్ షీట్లు సరిచేయించారు. చివరి రోజు మేనేజర్ ‘పని బాగానే చేస్తారు కానీ నోరు విప్పరు’ అన్నారు. ఈ రెండు నెలలూ దండగేనా? రెజ్యూమెలో ఏం రాయాలి?
– ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: కోడింగ్ ఇవ్వలేదని బాధపడకండి. రెండు నెలల్లో వెళ్లిపోయేవారి చేతికి ఖాతాదారులు వాడుతున్న ప్రోగ్రామును అప్పగించడానికి ఏ బృందమైనా జంకుతుంది. పైగా టెస్ట్ కేసు రాయాలంటే ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కడ బెడిసికొడుతుందో ముందే ఊహించాలి.

అసలు పట్టించుకోవాల్సింది మేనేజర్ అన్న మాట. సందేహం అడిగితే చులకనైపోతామని కాలేజీలో చాలామందికి భయం. ఎవరికీ తెలియకుండా తంటాలు పడి, గడువు నాటికి ఎలాగో గట్టెక్కుతారు. ఆఫీసులో అలా కుదరదు. మీ పని పూర్తయితేనే మరొకరి పని మొదలవుతుంది. మీరు మూడు రోజులు మౌనంగా కూర్చుంటే, రిలీజు ఆగిపోయేదాకా ఎవరికీ సంగతి తెలియదు.

అలాగని ప్రతిదానికీ పక్కవారిని కదిలించమని కాదు. ‘సార్, ఇది పనిచేయడం లేదు’ అని ఒక్క ముక్క పంపితే ఎదుటివారే తిరిగి నాలుగు ప్రశ్నలు వేయాలి. దాని బదులు ఇలా రాసి చూడండి: ‘లాగిన్ పేజీలో ఐదుసార్లు తప్పు పాస్‌వర్డ్ ఇచ్చినా ఖాతా లాక్ కావడం లేదు. క్రోమ్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ అంతే. స్క్రీన్‌షాట్ జతచేశాను. దీన్ని బగ్‌గా నమోదు చేయమంటారా, లేక ఆ ఏర్పాటు ఇంకా పెట్టలేదా? ఈలోగా సైన్‌అప్ పేజీ చూస్తుంటాను.’ ఇది చదివినవారికి ఒక్క మాటలో జవాబివ్వడం తేలిక. మీ చేతిలో పని ఆగలేదని కూడా తెలుస్తుంది. దీనికీ విసుక్కునే మేనేజర్లు ఉంటారనుకోండి, వారి సంగతి వేరు!

ఇక రెజ్యూమె. ‘టెస్టింగ్‌లో పాల్గొన్నాను’ అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఏ మాడ్యూలు, ఎన్ని టెస్ట్ కేసులు, ఎన్ని బగ్‌లు బయటపడ్డాయో రాయండి. జిరా (బగ్‌లు నమోదు చేసే టూల్), సెలీనియం (వెబ్‌సైట్లను ఆటోమేటిక్‌గా పరీక్షించే టూల్) లాంటివి నిజంగా వాడి ఉంటేనే పేర్లు పెట్టండి. లేకపోతే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

కంపెనీ డేటా, స్క్రీన్‌షాట్లు మాత్రం కోడ్ పంచుకునే వెబ్‌సైటు గిట్‌హబ్‌లో గానీ ఏఐ చాట్‌బాట్‌లో గానీ పెట్టకండి. 2023లో శాంసంగ్ ఉద్యోగులు కొందరు సంస్థ సోర్స్ కోడ్‌ను చాట్‌జీపీటీకి ఇచ్చినట్లు బయటపడటంతో, ఆ కంపెనీ అలాంటి టూల్స్ వాడకంపైనే నిషేధం పెట్టింది. చేరేటప్పుడు మీరు సంతకం చేసిన గోప్యతా ఒప్పందం ఉంటే ఒకసారి తీసి చదవండి. ఇంటర్న్‌షిప్ ముగిసినా అందులోని షరతులు సాధారణంగా వర్తిస్తాయి.

మీ లోపం ఏమిటని ఇంటర్వ్యూలో అడిగితే మేనేజర్ మాటే చెప్పండి. ఆ తర్వాత ఏం మార్చుకున్నారో చెప్పడానికి మీ దగ్గర రుజువు ఉండాలి కాబట్టి, ఫైనలియర్ ప్రాజెక్టులో వారానికోసారి మీ గైడ్‌కు పైన చెప్పిన తరహాలో మెయిల్ పంపడం మొదలుపెట్టండి. ఈ వారంలోనే ఆ మేనేజర్‌కూ కృతజ్ఞతలు చెబుతూ ఒక మెయిల్ రాసి, రిఫరెన్సుగా ఆయన పేరు ఇవ్వవచ్చా అని అడగండి. నాలుగు వాక్యాలు చాలు.