ఆర్స్-సి బ్యాండు వచ్చిందని సంబరపడకండి

చెరువు మట్టిలో ఆర్సెనిక్‌ను మార్చే బాక్టీరియా ఉందని చూపడానికి ఆర్స్-సి జన్యువు ఒక్కదానికి పీసీఆర్ (ఎంచుకున్న డీఎన్‌ఏ ముక్కను కాపీలుగా పెంచే పద్ధతి) చేసి బ్యాండు (జెల్‌లో ఆ ముక్క కనిపించే గీత) చూపిస్తే ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు సరిపోతుందా అని ఒకరు అడిగారు. చాలదండి. తిరుపతిలో నేను చేసిన ప్రాజెక్టు సరిగ్గా ఇక్కడే బోల్తా పడింది.

చిత్తూరు దగ్గర చెరువు మట్టిని థర్మకోల్ పెట్టెలో ఐసు వేసి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. నెల రోజులు ఒక్క బ్యాండూ రాలేదు. ప్రైమర్లను (పీసీఆర్ మొదలవడానికి వేసే చిన్న డీఎన్‌ఏ ముక్కలను) తిట్టుకున్నాను, మెషీన్‌ను తిట్టుకున్నాను. చివరికి చూస్తే మట్టిలోని హ్యూమిక్ ఆమ్లాలు డీఎన్‌ఏతో పాటే వచ్చి పీసీఆర్‌ను ఆపేస్తున్నాయి. పది రెట్లు పలుచన చేస్తే వచ్చేసింది. మీ డీఎన్‌ఏ గోధుమరంగులో ఉంటే ముందు ఇదే చేయండి.

ఆ సంతోషం ఒక్క రోజే. నెగెటివ్ కంట్రోల్‌గా (బ్యాండు రాకూడని నమూనాగా) పెట్టిన డీహెచ్5 ఆల్ఫా అనే ల్యాబ్ ఈ.కోలై బాక్టీరియాలోనూ బ్యాండు! కంటామినేషన్ అనుకుని మూడుసార్లు మళ్లీ చేశాను. తీరా దాని మూలమైన ఈ.కోలై కె-12 క్రోమోజోములోనే ఆర్స్ జన్యువులు ఉన్నాయట. వాటిని తీసేసిన ఏడబ్ల్యూ3110 అనే స్ట్రెయిన్ ఉంది, కంట్రోల్‌గా పెట్టాల్సింది అది.

అసలు సంగతేమిటంటే, ఆర్సెనేట్ (ఆర్సెనిక్‌కు ఒక రూపం) ఫాస్ఫేట్‌ను పోలి ఉండడం వల్ల దాని దారిలోనే కణంలోకి దూరిపోతుంది. ఆర్స్-సి దాన్ని ఆర్సెనైట్‌ అనే మరో రూపంగా మారిస్తే కణం పొరలోని పంపు బయటికి నెట్టేస్తుంది. ఇది ఆత్మరక్షణ మాత్రమే, ఆర్సెనిక్ పెద్దగా లేని చోట కూడా కనిపిస్తుంది. ఏఆర్ఆర్-ఏ అనే జన్యువు సంగతి వేరు. అది ఉన్న బాక్టీరియా ఆక్సిజన్ లేని బురదలో ఆర్సెనేట్‌తోనే శ్వాసిస్తాయి. మట్టిరేణువులను అంటుకున్న ఆర్సెనిక్ నీళ్లలోకి దిగడం మీ ప్రశ్న అయితే వెతకాల్సింది దీన్ని. ఆర్సెనైట్‌ను తిరిగి ఆర్సెనేట్ చేసేవాటికి ఏఐఓ-ఏ జన్యువు చూడండి.

డీఎన్‌ఏ ఉందంటే ఆ శక్తి ఉందనే అర్థం, పని జరుగుతోందని కాదు. జన్యువు పనిచేస్తోందని చూపే ఆర్‌ఎన్‌ఏ పరీక్షకు బడ్జెట్ లేకపోతే, పెంచిన బాక్టీరియాపై సిల్వర్ నైట్రేట్ పోయండి. ఆర్సెనేట్ అయితే గోధుమరంగు, ఆర్సెనైట్ అయితే పసుపు. మీడియంలో (బాక్టీరియాను పెంచే ఆహారంలో) ఫాస్ఫేట్ మాత్రం బాగా తగ్గించండి, దానికీ పసుపు రంగే వస్తుంది. నేను ఆ పసుపు చూసి గైడ్ గారిని పిలిచేశాను కూడా.